వీల్‌చెయిర్ పెట్టించాం కదా, ఇక భయమేముంది?

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మో నాన్నో ఒంటరిగా బయల్దేరుతున్నారంటే ఇంట్లో ముందు మొదలయ్యేది టికెట్ ధరల వేట. ఆ తర్వాత వీల్‌చెయిర్ పెట్టించడం. ఈ రెండూ అయ్యాక మిగిలిందల్లా పచ్చళ్లు, పొడులు సర్దడమేననుకుంటారు. కానీ పెద్దవాళ్ల ప్రయాణం ఎక్కడ చిక్కుపడుతుందో చూస్తే ఆ రెండింటితో తీరేది కొంతే.

విమానంలో కూర్చున్నంతసేపూ వాళ్లకు పెద్ద ప్రమాదం లేదు. దారి తప్పే వీలుండదు, బటన్ నొక్కితే ఎవరో ఒకరు వస్తారు. ఇబ్బందంతా ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి వెళ్లే చోట్లే. శంషాబాద్‌లో కొడుకు గుమ్మం బయట ఆగిపోయిన క్షణం, దోహాలో విమానం దిగి తలుపు దగ్గర నిలబడ్డ క్షణం, డాలస్‌లో ఇమిగ్రేషన్ అధికారి ముందు, సూట్‌కేసులు తిరిగే బెల్టు దగ్గర. ఒక్క స్టాపుతో వెళ్లినా ఇలాంటి మలుపులు ఐదారుంటాయి. పార్సిల్‌కైనా ట్రాకింగ్ నంబర్ ఉంటుంది, అమ్మకి ఉండదు. అందుకని ఏ మలుపులో ఆమె బాధ్యత ఎవరిదో, అక్కడ ఏమేం తేడా కొడతాయో ముందే తెలుసుకోవాలి.

వీల్‌చెయిర్ ఒకటి కాదు, మూడు

టికెట్ కొనేటప్పుడు ఒక గడిలో టిక్ పెట్టి వదిలేస్తాం. ఎయిర్‌లైన్ల లెక్కలో మాత్రం వీల్‌చెయిర్‌కి మూడు కోడ్‌లున్నాయి. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే ఎక్కువ దూరం నడవలేరు కానీ మెట్లు ఎక్కగలరు, దిగగలరు. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లు ఎక్కలేరు, విమానం లోపల సీటు దాకా మాత్రం నడుస్తారు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా కూడా ఎవరో తీసుకెళ్లాల్సిందే.

ఏమీ అడగకపోతే చాలా సందర్భాల్లో మొదటి కోడే పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి దీంతో వచ్చే చిక్కు అప్పటికప్పుడు కనపడదు. ఎప్పుడైనా విమానాన్ని ఏరోబ్రిడ్జికి (టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచే గొట్టం లాంటి దారికి) కాకుండా దూరంగా నిలిపి బస్సులో తీసుకెళ్లారనుకోండి, అప్పుడు నిచ్చెన మెట్ల ముందు నిలబెట్టి ఎక్కమంటారు. ఆమె కాగితం మీద మెట్లెక్కగల మనిషే మరి. కాబట్టి ఫోన్ చేసి మెట్లు ఎక్కలేరని స్పష్టంగా చెప్పి రెండో కోడ్ వేయించుకోవాలి. అదీ కనీసం 48 గంటల ముందు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లోనూ, యూరప్ నిబంధనల్లోనూ ముందస్తు సమాచారానికి ఉన్న గడువు అదే.

ఇంకో సంగతి. టికెట్ ఒక ఎయిర్‌లైన్ పేరు మీద ఉండి విమానం ఇంకొకరు నడిపే కోడ్‌షేర్ ప్రయాణాల్లో మొదటి వాళ్లకు చెప్పిన మాట రెండో వాళ్ల దాకా చేరిందన్న నమ్మకం పెట్టుకోవద్దు. రెండో ఎయిర్‌లైన్ పీఎన్‌ఆర్ వేరుగా అడిగి తీసుకుని వాళ్ల సైట్‌లో అభ్యర్థన కనపడుతోందో లేదో చూసుకోవాలి.

వీల్‌చెయిర్ గురించి ఒప్పుకోవాల్సిన నిజం కూడా ఒకటుంది. మన విమానాల్లో వీల్‌చెయిర్ అడిగే పెద్దవాళ్లలో నడవలేనివాళ్లతో పాటు నడవగలిగినవాళ్లూ ఉన్నారు. అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లిన ఆవిడే దోహాలో చక్రాల కుర్చీలో కనపడుతుంది. ఆవిడకి కావాల్సింది కుర్చీ కాదు, కుర్చీ తోసే మనిషి. ఇంగ్లిష్ బోర్డులు చదివి గేటు దాకా తీసుకెళ్లే తోడు. దీనికి మీట్ అండ్ అసిస్ట్ అని వేరే సేవ ఉంది, దాని కోడ్ ఎంఏఏఎస్. కొన్ని ఎయిర్‌లైన్లు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు, కొన్ని విమానాశ్రయాలు డబ్బు తీసుకుని ఇస్తాయి. నడవగలిగిన మనిషికైతే ముందు దాన్ని అడిగి చూడాలన్నది నా అభిప్రాయం. దొరకకపోతే కుర్చీ అడిగినందుకు నేను ఎవర్నీ తప్పుపట్టను. భాష రాని పెద్ద మనిషికి వేరే దారి చూపించని వ్యవస్థది కూడా ఇందులో వాటా ఉంది. అయితే దాని ఖరీదు ఎక్కడో ఒకచోట ఎవరో చెల్లిస్తారు.

2024 ఫిబ్రవరి 12న ఎయిర్ ఇండియా విమానంలో న్యూయార్క్ నుంచి ముంబయి చేరిన దంపతుల సంగతి చాలామంది చదివే ఉంటారు. ఇద్దరికీ వీల్‌చెయిర్ బుక్ అయ్యుంది, దిగేసరికి దొరికింది ఒక్కటే. భార్యను కూర్చోబెట్టి, ఎనభై ఏళ్ల ఆయన పక్కనే నడుస్తూ ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలారు, ప్రాణం దక్కలేదు. కుర్చీలకు గిరాకీ ఎక్కువగా ఉందని, కాసేపు ఆగమన్నా ఆయన భార్యతో పాటే నడుస్తానన్నారని ఎయిర్‌లైన్ వివరణ ఇచ్చింది. డీజీసీఏ ఎయిర్ ఇండియాకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. మన ఇంట్లో పెద్దవాళ్లకు దీన్నుంచి చెప్పాల్సిన మాట ఒకటే: కుర్చీ రాకపోతే అక్కడే కూర్చోండి, అరగంటైనా గంటైనా సరే, లేచి నడవొద్దు. విమానం మనల్ని వదిలి వెళ్లిపోతుందన్న కంగారులోనే వాళ్లు లేస్తారు.

ఎవర్ని అడగాలి?

అమ్మ ఫ్రాంక్‌ఫర్ట్‌లో గంట నుంచి కూర్చుని ఉంది, ఎవరూ రాలేదు. డాలస్‌లో కూతురు ఎయిర్‌లైన్ కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తుంది. వాళ్లు "రిక్వెస్ట్ ఉంది మేడమ్" అంటారు. ఉంది, నిజమే. కానీ అక్కడ కుర్చీ తోసేవాళ్లు వాళ్ల మనుషులు కారు.

ఒక్కో దేశంలో ఈ బాధ్యత ఒక్కొక్కరిది. యూరోపియన్ యూనియన్‌లో 2006లో వచ్చిన 1107 నంబర్ నిబంధన ప్రకారం విమానాశ్రయం లోపల సహాయం చేయాల్సింది విమానాశ్రయం నడిపే సంస్థే. లండన్‌లోనూ అదే పద్ధతి. అమెరికాలో 1986 నాటి ఎయిర్ క్యారియర్ యాక్సెస్ చట్టం కింద ఆ బాధ్యత ఎయిర్‌లైన్‌ది, అమెరికాకు విమానాలు నడిపే విదేశీ ఎయిర్‌లైన్లకూ అది వర్తిస్తుంది. మన దేశంలోనూ ప్రధానంగా ఎయిర్‌లైన్‌దే. ఎక్కడైనా చివరికి కుర్చీ తోసేది మాత్రం చాలాసార్లు మూడో కంపెనీ పెట్టిన కాంట్రాక్టు ఉద్యోగి. అతనికి తన షిఫ్టులో ఇచ్చిన పేర్ల చిట్టా తప్ప మీ అమ్మ కథ తెలియదు.

అందుకే యూరప్ మీదుగా వెళ్తుంటే ఆ విమానాశ్రయపు సహాయ విభాగం నంబర్ ముందే వెతికి పెట్టుకోవాలి. అమెరికాలో అయితే ఎయిర్‌లైన్‌కి చెందిన కంప్లెయింట్స్ రిజల్యూషన్ అఫీషియల్‌ని పిలవమని అడగొచ్చు. ఆ పేరుతో ఒక మనిషిని అందుబాటులో ఉంచడం చట్టం ప్రకారం తప్పనిసరి. ఈ పదవి పేరు ఎత్తితే చాలు, కౌంటర్‌లో మాట తీరు మారుతుంది.

వీల్‌చెయిర్ ఉన్నవాళ్లు అందరికన్నా ముందు ఎక్కుతారు, అందరికన్నా చివర దిగుతారు. టికెట్ మీద గంటన్నర కనెక్షన్ కనపడితే వాళ్ల చేతిలో మిగిలేది గంటలోపే. మూడు, నాలుగు గంటల వ్యవధి ఉన్నదే ఎంచుకోవాలి. అంతసేపు ఏం చేస్తారని జాలిపడొద్దు. విమానం అందక రాత్రంతా కూర్చోవడం కంటే నయమే.

ఆ వ్యవధిలో చాలా విమానాశ్రయాల్లో వీల్‌చెయిర్ వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి గేటు తెరిచే వేళకు తీసుకెళ్తారు. మన పెద్దవాళ్లు మొహమాటపడేది సరిగ్గా అక్కడే. బాత్రూమ్‌కి వెళ్లాలని అడగరు, మంచినీళ్లు అడగరు. 'టాయిలెట్', 'వాటర్', 'మై గేట్' అన్న మూడు మాటలు వచ్చుంటే చాలు, అడగడం వాళ్ల హక్కేనని ముందే నచ్చజెప్పాలి. సేవ ఉచితం. ఎవరైనా డబ్బుకోసం చూసినా ఇవ్వాల్సిన పని లేదు. ఇవ్వాలనిపిస్తే ఐదు డాలర్ల నోట్లు రెండు పైజేబులో పెట్టండి, పర్సు తీసే పని లేకుండా.

దారి ఎంపిక

ఎయిర్ ఇండియా 2021లో హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది కానీ అది నిలబడలేదు. కాబట్టి మన వాళ్లకు కనీసం ఒక స్టాపు తప్పదు. దోహా, దుబాయ్, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి వాటిలో ఏదో ఒకటి. రెండో స్టాపు మాత్రం ఎలాగైనా తప్పించాలి. అమెరికాలో దిగిన మొదటి విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ అవుతుంది, అక్కడే సూట్‌కేసులు తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి, మళ్లీ అప్పగించాలి, మళ్లీ సెక్యూరిటీ. ఒక ఊరి విమానం మారడమంటే నాలుగు మలుపులు పెరగడమే. పిల్లలు ఉండేది చిన్న ఊరైతే పెద్ద నగరంలో దించుకుని నాలుగు గంటలు కారు నడుపుకుని రావడం మేలు. టికెట్‌లో మిగిలే వంద డాలర్ల కోసం అమ్మను న్యూయార్క్‌లో టెర్మినల్ మార్చించే లెక్క నాకెప్పుడూ అర్థం కాదు.

అబుదాబికి ఒక ప్రత్యేకత ఉంది. 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే పూర్తి చేస్తారు. విమానం అమెరికాలో దిగేసరికి దేశీయ విమానంతో సమానం. నేరుగా బయటికి రావచ్చు, సామాను తీసుకునే బెల్టు దగ్గరికి పిల్లలు రాగలిగే విమానాశ్రయాలు చాలా ఉన్నాయి. ఒంటరి పెద్దవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. కాకపోతే అక్కడి తనిఖీలకు సమయం పడుతుంది, కనెక్షన్ వ్యవధి ఇంకాస్త ఎక్కువ పెట్టుకోవాలి.

విశాఖ నుంచో విజయవాడ నుంచో బయల్దేరేవాళ్లు అంతా ఒకే టికెట్‌లో ఉండేలా చూసుకోవాలి. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోవాళ్లకు సంబంధం ఉండదు, సామాను మధ్యలో తీసి మళ్లీ ఇవ్వాలి.

వాట్సాప్ గ్రూపుల్లో 'ఫలానా తేదీన డాలస్ వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా, మా అత్తయ్యగారికి తోడు కావాలి' అన్న సందేశాలు రోజూ వస్తుంటాయి. మంచి పద్ధతే. కానీ ఆ తోడు మీద భారమంతా వేయకూడదు. ఇద్దరి టికెట్లూ వేరు, ఒకరిని తనిఖీకి పక్కకు పిలిస్తే రెండోవాళ్లు వెళ్లిపోవాల్సిందే. వీల్‌చెయిర్ రద్దు చేయొద్దు. ఎంత తెలిసినవాళ్లైనా ఒకరి బ్యాగు ఇంకొకరు పట్టుకోకూడదు.

గాల్లో ఉన్న పదహారు గంటలు

విమానం లోపలి గాలి పీడనం సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, అంటే దాదాపు ఊటీ. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా టికెట్ కొనకూడదన్నది అందుకే. కంటి రెటీనా ఆపరేషన్‌లో గ్యాస్ బుడగ పెట్టినవాళ్లు అది కరిగేదాకా అసలు ఎక్కకూడదు.

నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. లేచి తిరగాలి, నీళ్లు తాగాలి అని అందరూ చెబుతారు. పెద్దవాళ్లు తాగరు. కారణం బద్ధకం కాదు, టాయిలెట్ భయం. ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో తెలియదు, మధ్యలో నొక్కితే లోపలికి మడతపడుతుంది. గడియ వేసేదాకా లైటు సరిగ్గా వెలగదు. చీకట్లో నిలబడి భయపడి వెనక్కి వచ్చేస్తారు, ఇక నీళ్లు మానేస్తారు. యూట్యూబ్‌లో వీడియో చూపిస్తే ఐదు నిమిషాల పని ఇది. నా మటుకు మొత్తం సన్నాహంలో దీనికిచ్చినంత విలువ ఇంకేదానికీ ఇవ్వను. సీటు కూడా నడవా పక్కనే తీసుకోవాలి. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన నిద్రపోతున్న ఇద్దరిని లేపలేక ఎనిమిది గంటలు బిగబట్టుకుంటాడు.

భోజనం దగ్గర ఒక ఉచ్చు ఉంది. ప్రత్యేక భోజనాల జాబితాలో 'హిందూ మీల్' అని చూసి శాకాహారులు అదే ఎంచుకుంటారు. అందులో సాధారణంగా చికెనో మటనో వస్తుంది, గొడ్డు మాంసం ఉండదన్నదే దాని అర్థం. మనకు కావాల్సింది 'ఏషియన్ వెజిటేరియన్', కోడ్ ఏవీఎంఎల్. ఒకరోజు ముందే చెప్పాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని చేతి సంచిలోనే ఉంచుకోవాలి, కింద సామాను అరలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఇండియా నుంచి పడమటికి వెళ్తే రోజు సాగుతుంది, డాలస్‌కి వేసవిలో పదిన్నర గంటల తేడా. ఏ మోతాదు ఎప్పుడు అన్నది డాక్టర్ చేత ఇండియా టైములోనే రాయించుకుని, ఇంటికి చేరేదాకా చేతి గడియారం మార్చకుండా ఉంచితే గందరగోళం ఉండదు. మందుల చీటీలో బ్రాండ్ పేర్లతో పాటు జెనరిక్ పేర్లు, అంటే అసలు మందు పేర్లు, రాయించండి. మన బ్రాండ్లు అక్కడ ఎవరికీ తెలియవు.

సూట్‌కేసులో ఏముందో ఎవరికి తెలుసు?

సర్దేది పిల్లలో, చుట్టాలో. సమాధానం చెప్పాల్సింది మాత్రం అమ్మ.

శంషాబాద్‌లోనే ఆగిపోయేవి కొన్ని. ఎండుకొబ్బరి చెకిన్ సామానులో పెట్టకూడదని 2022 నుంచి నిషేధం ఉంది, అందులోని నూనె వల్ల దానంతటదే అంటుకునే గుణం ఉందని. పచ్చళ్లు, నెయ్యి చేతి సంచిలో కుదరదు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. గసగసాలు ఏ రూపంలోనూ వద్దు, యూఏఈలో నిషిద్ధం. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ మాత్రలు కూడా అక్కడ నియంత్రణలో ఉన్నవే.

అమెరికాలోకి మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, పండ్లు, బియ్యం రానివ్వరు. పెరట్లో వేసుకోవడానికి గోంగూర విత్తనాలు, బీర గింజలు కాగితంలో చుట్టి తీసుకెళ్లడం మన అమ్మలకు అలవాటు, వాటికీ అనుమతి పత్రాలు కావాలి. ఆవకాయ, పొడులు, అప్పడాల లాంటివి సాధారణంగా పోనిస్తారు. అయితే 'తినే వస్తువులున్నాయా' అని అడిగితే 'ఉన్నాయి' అనే చెప్పాలి. భయపడి 'నో' అనడమే అసలు నేరం. ఉన్నాయని చెప్తే కూడని వస్తువు తీసి పారేస్తారు, అంతే. లేవని చెప్పాక దొరికితే జరిమానా పడుతుంది. ఏ పెట్టెలో ఏముందో తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి చిట్టా రాసివ్వండి. అసలు ఒంటరిగా వెళ్లే మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఎందుకు? బెల్టు మీద నుంచి దించేది ఎవరు? ఒకటి చాలు.

ఇమిగ్రేషన్ కిటికీ

ఎవరి దగ్గరికి, ఎన్నాళ్లు ఉంటారు, తిరుగు టికెట్ ఉందా. ఎక్కువగా అడిగేవి ఇవే. మన పెద్దవాళ్లు తికమకపడేది రెండోదాని దగ్గర. పాస్‌పోర్టులో పదేళ్ల వీసా ఉంది కాబట్టి పదేళ్లు అని చెప్పినవాళ్లున్నారు. వీసా గడువు ఎప్పటిదాకా లోపలికి రావడానికి ప్రయత్నించవచ్చో చెబుతుంది. వచ్చాక ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది ఐ-94 అనే రాకపోకల రికార్డు. పర్యాటక వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఇంటికి చేరిన రోజే ఆన్‌లైన్‌లో తీసి చూసుకోవాలి. జవాబు మాత్రం తిరుగు టికెట్ మీదున్న తేదీ ప్రకారమే ఉండాలి.

ఇంగ్లిష్ అర్థం కాకపోతే తల ఊపొద్దని గట్టిగా చెప్పండి. 'తెలుగు ఇంటర్‌ప్రిటర్ ప్లీజ్' అని అడగొచ్చు, ఫోన్‌లో అనువాదకుల్ని పిలిపించే ఏర్పాటు ఉంటుంది. అర్థం కాకుండా 'యస్' అన్న ఒక్క మాట రెండు గంటలు లోపలి గదిలో కూర్చోబెట్టగలదు.

పిల్లల చిరునామా, ఫోన్ నంబర్లు రెండు, విమానాల వివరాలు, జబ్బులు, మందులు, 'నాకు తెలుగు మాత్రమే వచ్చు' అన్న వాక్యం, ఇవన్నీ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద అచ్చు వేసి పాస్‌పోర్టుతో పాటు ఉంచాలి. ఫోన్‌లో ఉన్నాయిలే అనుకోవద్దు, అక్కరకొచ్చే వేళకే చార్జింగ్ అయిపోతుంది. ఇండియా సిమ్‌కి రోమింగ్ వేయించడం కూడా మరవొద్దు. కొన్ని విమానాశ్రయాల్లో ఉచిత వైఫైకి ఓటీపీ అడుగుతారు, అది ఆ సిమ్‌కే వస్తుంది.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పుడు ఇంత చేసినవాళ్లు వచ్చేటప్పుడు నిర్లక్ష్యం చేస్తారు. తిరుగు తేదీ మార్చితే వీల్‌చెయిర్, భోజనం, సీటు అభ్యర్థనలు కొత్త టికెట్‌లోకి రాకపోవచ్చు. మార్చిన రోజే మళ్లీ పెట్టించాలి. పదేళ్ల వీసా చివరి ఏడాదిలో వెళ్లినవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఐ-94 గడువు ఉన్నా, అమెరికా వీసా గడువు ముగిశాక లండన్ లాంటి చోట విమానం మారాలంటే ట్రాన్సిట్ వీసా చిక్కు రావచ్చు. ఆ వీసా చూపించే అక్కడ మినహాయింపు దొరుకుతుంది కాబట్టి. ఈ నిబంధనలు మారుతుంటాయి, తేదీ ఖాయం చేసే ముందు ఆయా దేశాల సైట్లలో చూడాలి. గల్ఫ్ మీదుగా, విమానాశ్రయం బయటికి రాకుండా మారితే ఈ బాధ ఉండదు.

అమెరికాలో సాగనంపేటప్పుడు చెకిన్ కౌంటర్‌లో ఎస్కార్ట్ పాస్ అడగండి. వయసు మళ్లినవాళ్లకు తోడుగా గేటు దాకా వెళ్లేందుకు కొన్ని ఎయిర్‌లైన్లు ఇస్తాయి, మీ గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. తప్పకుండా ఇవ్వాలన్న నియమం లేదు, అడగనివాళ్లకు మాత్రం ఎలాగూ రాదు. శంషాబాద్‌లో ఈ వెసులుబాటు లేదు కాబట్టి ఇక్కడి నుంచి పంపేటప్పుడు సెక్యూరిటీ దాటి గేటు దగ్గర కూర్చున్నామన్న ఫోన్ వచ్చేదాకా గుమ్మం దగ్గరే ఉండండి. కౌంటర్‌లో ఏదైనా పేచీ వస్తే సూట్‌కేస్ తిరిగి తెచ్చుకోవడానికైనా ఒక మనిషి ఉండాలి.